పైడిరాజు సైగలు, సంస్థ పాట్లు

గోనెసంచుల సంస్థలో నోళ్లు మూతపడటానికి పైడిరాజు ముక్కే కారణమని ఇప్పటికీ చాలామంది అంటారు. న్యాయంగా చూస్తే ఆ ముక్కు ఏ పాపమూ ఎరగదు. తన మానాన తను ముఖం మధ్యలో పడి ఉంది. దాన్ని రుద్దితే మూడో సంచి దగ్గరున్నవాడు పరుగందుకోవాలని పైడిరాజు తన జట్టుకి నేర్పుకున్నాడు. అంతకుమించి ఆ ముక్కు సంస్థ వ్యవహారాల్లో ఎన్నడూ తలదూర్చలేదు.

విజయనగరంలోని ఆ సంస్థ పని, సంచులు కుట్టించి ఊరూరా గిడ్డంగులకి పంపడం. సంచులు కుట్టించేవాళ్లకి బేస్‌బాల్ జట్టెందుకని అడిగేవాళ్లుంటారు. వెనకటి ఎండీ ఒకాయన విదేశీ పర్యటనకి వెళ్లి, నిద్రపట్టక హోటల్ గదిలో టీవీ పెడితే ఈ ఆట కనిపించిందట. నాలుగు మూలలు. ఒక మూల ఇల్లు, మిగతా మూడు మూలలా కూరి కుట్టిన సంచులు. బ్యాటుతో బంతిని కొట్టినవాడు సంచి నుంచి సంచికి పరిగెత్తి, అవుట్ కాకుండా తిరిగి ఇల్లు చేరితే ఒక పరుగు. ఆయన మంచం మీంచి లేచి కూర్చున్నారు. “ఒక దేశం దేశమంతా సంచి కోసం ఇలా పరుగులు పెడుతుంటే, సంచులు కుట్టించే మనం చేతులు కట్టుకుని కూర్చోవడమా!” అని అక్కడి నుంచే ఫోన్ చేశారు. ఆయన విమానం దిగేసరికి జట్టు మంజూరైంది. ఆటగాళ్లని తరవాత వెతికారు.

అలా దొరికినవాడే పైడిరాజు. అప్పటికి అతను ఖోఖోలో పేరున్న కుర్రాడు. రాయి విసిరితే ఏ కొమ్మన ఏ మామిడికాయ కావాలంటే ఆ కాయ రాలేది. క్రికెట్ తెలిసినవాడికి బేస్‌బాల్ సగం అర్థమవుతుందనీ, రెండో సగం చూశాక ఆ సగం కూడా పోతుందనీ అంటారు. పైడిరాజుకి క్రికెట్ రాదు. అందుకని తొందరగానే నేర్చుకున్నాడు. మోకాలు అరిగేదాకా ఆడాడు. అంతకాలమూ సంస్థ జట్టు రెండో శ్రేణిలోనే ఉంది. రెండో శ్రేణి అంటే పెళ్లిలో రెండో బంతి భోజనం లాంటిది. కూరలన్నీ ఉంటాయి. వేడే ఉండదు.

మోకాలు మొరాయించాక అతన్నే జట్టుకి మేనేజర్ని చేశారు. ఈ ఆటలో మేనేజరంటే గీత బయట నిలబడి, లోపలున్నవాళ్లు ఏం చెయ్యాలో అవతలి జట్టుకి తెలియకుండా సైగలతో చెప్పేవాడు. పైడిరాజుకి మిగిలింది ఒకే ఒక్క కోరిక. రిటైరయ్యేలోగా తన జట్టుని ఒక్కసారైనా మొదటి బంతిలో కూర్చోబెట్టాలి. ఆ ఏడు అది చేతికందేంత దూరంలో ఉంది. చివరి పోటీ నెగ్గితే మొదటి శ్రేణి. అయితే మొదటి శ్రేణి జట్టుకి సొంత మైదానం ఉండి తీరాలని నియమం. సంస్థ గిడ్డంగి వెనక మైదానం ఉంది. ఇంక కావలసింది గెలుపొక్కటే అనుకున్నాడు పైడిరాజు. కొత్త ఎండీ అప్పటికింకా మైదానం వైపు రాలేదు.

కొత్త ఎండీ జలంధరరావుగారు చురుకైన మనిషి. ‘ఆఫీసుల్లో సగం కాలం మాటల్లోనే పోతోంది’ అని ఏదో సదస్సులో ఒక మేధావి చెప్పగా విని, ఆ విషయం మీద ఎవరితోనైనా ఎంతసేపైనా మాట్లాడగలిగే స్థితిలో తిరిగొచ్చారు. ఒక సాయంత్రం పరిపాలన జనరల్ మేనేజర్ పట్టాభిగారిని వెంటేసుకుని మైదానానికి వచ్చారు. అక్కడ పైడిరాజు టోపీ సర్దాడు, చెవి లాక్కున్నాడు, మోచెయ్యి దులిపాడు, బెల్టు ముట్టుకున్నాడు, ముక్కు రుద్దాడు. మూడో సంచి మీదున్న సింహాచలం తోకకి టపాకాయ కట్టినట్టు ఇంటివైపు దూసుకుపోయాడు.

జలంధరరావుగారు నిలబడిపోయారు.

“అతనికి మీరేం చెప్పారు?”

“ఏమీ చెప్పలేదు సార్.”

“మరెందుకు పరిగెత్తాడు?”

“పరిగెత్తమన్నాను సార్.”

“ఏమీ చెప్పలేదన్నారుగా?”

“నోటితో చెప్పలేదు సార్. సైగ చేశాను. టోపీ, చెవి, మోచెయ్యి ఇవన్నీ ఉత్తుత్తివి. అవతలివాళ్లు పసిగట్టకుండా చేసేవి. బెల్టు ముట్టుకున్నాక చేసిందొక్కటే అసలుది.”

ఎండీగారు కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. “అంటే, అర్థం లేనివి బోలెడు చేసి, వాటి మధ్య అర్థమున్నదాన్ని ఒక్కదాన్ని దాచి పంపిస్తారు. ఎవరికి అందాలో వారికే అందుతుంది. పట్టాభిగారూ, ఇన్నేళ్లుగా మనం ఫైళ్లతో సాధించింది ఈయన ఉత్త చేతులతో సాధించారండీ!”

“చిత్తం. ఇది కాగితరహిత, శబ్దరహిత, బాధ్యతా... క్షమించాలి, వ్యయరహిత విధానమని విన్నవించుకుంటున్నాను” అన్నారు పట్టాభిగారు.

కాస్త దూరంలో కూర్చుని చేతిజోడు విప్పుకుంటున్న దాలినాయుడు పైడిరాజుని దగ్గరికి పిలిచాడు. దాలినాయుడు జట్టులో క్యాచరు, అంటే బ్యాటు పట్టినవాడి వెనక గొంతుకూర్చుని బంతి అందుకునేవాడు. కార్మికసంఘానికి కార్యదర్శి కూడా.

“గురూ, ఆ బాబు సూపు నాకు నచ్చనేదు. మన ఆటని ఆఫీసుకి అంటిచ్చీసేలాగున్నాడు.”

“ఊరుకో. పెద్దాయన మెచ్చుకుంటుంటే నీకేటి కడుపుమంట?”

మెచ్చుకోలు మహా చెడ్డది. అంతకాలంగా రెండో బంతిలో చల్లారిన సాంబారు తిన్నవాడికి మరీనూ.

సర్క్యులరు సోమవారం దిగింది. ‘కార్యాలయ వేళలందు సంస్థ ప్రాంగణములో వాచిక సంభాషణను ఉపసంహరించి, తత్‌స్థానమున సంజ్ఞాత్మక వ్యవహారమును ప్రవేశపెట్టుటకు ఇందుమూలముగా ఉత్తర్వులు జారీ చేయడమైనది’ అని. ఈ మౌనాన్ని సిబ్బందికి వివరించి చెప్పేందుకు పట్టాభిగారొక్కరికి మాట్లాడే మినహాయింపు ఇచ్చారు. దాంతో వారు పొద్దున్న మొదలుపెట్టి సాయంత్రం దాకా మాట్లాడుతూనే ఉండేవారు.

పైడిరాజు ‘ప్రధాన సంజ్ఞా సలహాదారు’ అయ్యాడు. కుట్టు విభాగంలో రిజిస్టరు రాసుకునే మనిషికి ఏసీ గదీ, గిరగిర తిరిగే కుర్చీ వచ్చాయి. కుర్చీలో మొదటిరోజు కాస్త ఎక్కువ తిరిగాడు. సర్క్యులరు అమల్లోకి వచ్చేలోగా సైగల గ్రంథం రాయమన్నారు. ఆట సైగలన్నీ ముందు అందులోకి ఎక్కించాడు. అవి గుప్పెడే ఉన్నాయి. ఆఫీసుకి చాలా కావాలి. ఎండీగారి గదిలోనే ఓ మూల బల్ల వేయించుకుని, వారడిగినదానికల్లా అప్పటికప్పుడు ఒక సైగ పుట్టించి ఇచ్చాడు. ఎడమ చెవి లాగితే క్యాజువల్ లీవు. కుడి చెవి లాగితే ఆర్జిత సెలవు. రెండు చెవులూ పట్టుకుంటే మెడికల్ లీవు. టోపీ సర్దితే టీ. చెంప తడితే పార్వతీపురం లోడు. రెండు అరచేతులూ ముందుకు చాపితే పని త్వరగా కానివ్వమని. జలంధరరావుగారు ప్రతిదానికీ “భేష్” అనేవారు. వారు ‘భేష్’ అన్నప్పుడల్లా పైడిరాజు బుర్రలో ఇంకో సైగ మొలిచేది.

మొదటి వారం అందరికీ సరదాగానే ఉంది. మెడికల్ లీవు కావలసినవాళ్లంతా రెండు చెవులూ పట్టుకుని పట్టాభిగారి గది ముందు వరస కడితే, వాళ్లలో మోకాళ్లనొప్పులవాళ్లు నిలబడలేక లేస్తూ కూర్చుంటూ ఉంటే, చూసేవాళ్లకి వినాయకచవితి పూట గుంజీలు తీస్తున్నట్టుండేది.

చిక్కు ఉత్తుత్తి సైగల దగ్గర వచ్చింది. అసలు సైగతోపాటు ఉత్తుత్తివి ఎవరెన్ని చెయ్యొచ్చు? గుమాస్తా కూడా ఎండీగారంత సేపు చేతులు తిప్పితే పై అధికారి మర్యాద ఏం కావాలి? పట్టాభిగారు ఆలోచించి హోదాని బట్టి కోటా కేటాయించారు. గుమాస్తాకి కొద్దిపాటి. సూపరింటెండెంటుకి ఓ మోస్తరు. జనరల్ మేనేజరుకి దండిగా. ఎండీగారికి అపరిమితం. ఎవరెంత అర్థంలేని పని చేస్తే అంత పెద్దవాళ్లని తేలిపోయింది. ఇది కొత్త సంగతి కాదు గానీ, కళ్లకి కనబడటం అదే మొదలు. జలంధరరావుగారు ఒక ఫైలు మీద ‘సరే’ అనడానికి కాఫీ వేళకి చేతులెత్తితే భోజనాల వేళకి దించేవారు.

వేసవి వచ్చింది. ఉక్కపోత, చెమటకాయలు, దోమలు. ముందు బెల్టు ముట్టుకున్నారా లేదా అని చూసే ఓపిక అప్పటికి ఎవరికీ మిగల్లేదు. డిస్పాచ్ సూపరింటెండెంటు తన చెంప మీద వాలిన దోమని కొట్టాడు. పార్వతీపురానికి లారీ వెళ్లిపోయింది. దోమ తప్పించుకుని రెండో చెంప మీద వాలింది. రెండో లారీ వెళ్లింది. సాయంత్రానికి పార్వతీపురం గిడ్డంగి నిండిపోయి సంచులు రోడ్డు మీదికొచ్చాయి. మర్నాడే సవరణ ఉత్తర్వు: ‘సిబ్బంది స్వీయశరీరమును గోకుకొనుట, రుద్దుకొనుట, దోమలను శిక్షించుట కార్యాలయ వేళలందు నిషిద్ధము. అనివార్యమైనచో ఇందుకై ప్రత్యేకించిన గదిని వినియోగించుకొనవలెను.’ రికార్డు రూము ఖాళీ చేసి దానికి ‘గోకుడు గది’ అని బోర్డు కట్టారు. ఆడవాళ్లకి వేరుగా ఉండాలని సంఘం పట్టుబట్టి ఇంకోటి సాధించింది.

దీనివల్ల ఒక మేలు జరిగింది. తలుపు వేసుకుంటే లోపల ఎవరేం చేస్తున్నారో కనబడదు గనక, గోకుడు గదిలోకి వెళ్లి అందరూ మాట్లాడుకునేవారు.

పైడిరాజు ఒకనాడు ఇంట్లో కంచం ముందు కూర్చుని మెడ పట్టుకుని, గాలిలో చుట్టలు చుట్టాడు. భార్య గౌరీశ్వరి గరిటె పట్టుకుని చూసింది.

“ఏటది? పొలమారిందా?”

తల అడ్డంగా ఊపి మళ్లీ మెడ పట్టుకున్నాడు.

“మంచినీళ్లా? మజ్జిగా?”

“చారే.”

“చారుకి పీకెందుకు పట్టుకోడం? వండినదాన్ని నాను, పట్టుకుంటే నానే పట్టుకోవాల. ఆఫీసులో నోరు మూసుకుంటే మీకు జీతమిస్తారు కాబోలు. ఇక్కడ మూసుకుంటే చారు కూడా రాదు, సెప్పేస్తున్నాను.” చారు పోసింది గానీ గరిటె దించలేదు. “అది సరే గాని, మైదానంలో మీ జట్టు గుంటలు ఒక్కరూ కనబడటం లేదేటి? ఆట దగ్గర పడుతోందన్నారు కదా. ఎవులాడతారు, మీ కుర్చీ ఆడుతుందా?”

పైడిరాజు ముద్ద నోట్లో పెట్టుకోకుండా ఆగాడు. ఆ సంగతి అతను ఆలోచించకుండా ఉండటానికే ప్రయత్నిస్తున్నాడు. సంస్థ మొత్తం మీద సైగలు క్షుణ్ణంగా వచ్చినవాళ్లు అతని జట్టువాళ్లే. అందుకని వాళ్లందరినీ శిక్షకులుగా బ్రాంచీలకి పంపేశారు. దాలినాయుడు పలాసలో ఉన్నాడు. సింహాచలం సాలూరులో. బంతి విసిరే కుర్రాడు ఎక్కడో ఏజెన్సీ కొండల్లో గిడ్డంగి కాపలావాళ్లకి చెవి లాక్కోవడం నేర్పుతున్నాడు. ఎవరూ బంతి ముట్టుకుని నెల దాటింది. ఆ పంపకాల కాగితం మీద సలహాదారు సంతకం కూడా ఉంది.

“రప్పిస్తాలే” అన్నాడు.

“చేత్తో రప్పిస్తారా, నోటితోనా?” అంది గౌరీశ్వరి. జవాబు కోసం ఆగకుండా మజ్జిగ తేవడానికి వెళ్లింది.

రప్పించే మాట అడుగుదామని మర్నాడు ఎండీగారి గదికి వెళితే, అక్కడ బల్ల మీద ఒక అట్టబొమ్మ ఉంది. తెల్లటి భవంతి. పైన గోపురం బదులు రెండు చేతులు ఆకాశంలోకి లేచి వేళ్లు తిప్పుతున్నట్టున్నాయి.

“ఇది సంజ్ఞా సౌధము” అన్నారు పట్టాభిగారు. ఎండీగారు నియమం పాటిస్తూ చిరునవ్వుతో ఊరుకున్నారు. “దేశం నలుమూలల నుంచి అధికారులు వచ్చి ఇక్కడ మౌనాన్ని అభ్యసిస్తారు. తమరి కృషికి గుర్తుగా తమరికి మేడ మీద గది. ఆటల సీజను పూర్తయిన పిదప, మన గిడ్డంగి వెనకనున్న నిరుపయోగ స్థలమందు శంకుస్థాపన.”

“అది మైదానం సార్!” అనబోయాడు పైడిరాజు. ‘అది’ దగ్గరే పట్టాభిగారు వేలెత్తారు. “సలహాదారువారే నోరు తెరిస్తే ఎలాగండి? తమ అభిప్రాయాన్ని సంజ్ఞాత్మకంగా వ్యక్తీకరించుకునే సంపూర్ణ స్వేచ్ఛ తమకుంది.”

పైడిరాజు చేతులెత్తాడు. ఎత్తి అలాగే ఉండిపోయాడు.

వద్దు అని చెప్పడానికి సైగ లేదు.

గ్రంథంలో లేదు. రాసింది తనే. ఎండీగారి గదిలో కూర్చుని రాశాడు. అక్కడ ఆ మాటతో ఎవరికీ ఎన్నడూ పని పడినట్టు కనబడలేదు. ఇవ్వడానికుంది, తీసుకోవడానికుంది, టీకుంది, పార్వతీపురానికుంది. వద్దు అనడానికి లేదు. తల అడ్డంగా ఊపాడు. ఎండీగారు సంతోషంగా తామూ ఊపారు. “గ్రంథంలో లేని కదలికలు ఉత్తుత్తివాటి కిందికి వస్తాయి. తమ కోటాలో చెల్లుతాయి” అని వివరించారు పట్టాభిగారు. పైడిరాజుకి ఒళ్లు మండింది. ఆ మంటలో బెల్టు సర్దుకుని, రెండు అరచేతులూ ముందుకు చాచి ఆపండి, ఆపండి అన్నట్టు తోశాడు.

ఎండీగారు లేచి నిలబడి చప్పట్లు కొట్టబోయి, శబ్దం వస్తుందని ఆగారు.

“పని త్వరగా కానివ్వమంటున్నారు!” అన్నారు పట్టాభిగారు గద్గదంగా. “స్వప్రయోజనం చూసుకోని సలహా. అయితే సీజను అయ్యేదాకా ఎందుకు? చివరి పోటీ నాడే, ఆట ముగియగానే శంకుస్థాపన. అతిథులు ముందు సైగలు చూస్తారు, పిమ్మట సౌధానికి రాయి వేస్తారు.”

పైడిరాజు గబగబా గోకుడు గదిలోకి వెళ్లి తలుపేసుకుని తనని తాను తిట్టుకున్నాడు. పక్కన గోక్కుంటున్న అకౌంటెంటు, “గట్టిగా తిట్టుకోకండి, బయటికి వినబడుతుంది” అని హెచ్చరించాడు.

ఇంక దాగుడుమూతలు లేవు. పోటీ ఓడితే రెండో శ్రేణి. గెలిస్తే, ఆ సాయంత్రమే మైదానం పోతుంది గనక మళ్లీ రెండో శ్రేణి. గౌరీశ్వరికి చెబితే, “అయితే గెలిచి మైదానం కూడా నిలబెట్టుకోండి. రెండు పనులే కదా” అంది, బజారు నుంచి కందిపప్పూ చింతపండూ తెమ్మన్నట్టు.

పోటీ రోజున జట్టువాళ్లకి ఒక్కపూట సెలవిచ్చి పంపారు. బస్సు దిగినవాళ్లు దిగినట్టే అందరూ మైదానానికి వచ్చారు. గట్టు మీద షామియానా. దానికింద ఎండీగారు, అతిథులు, బొకేలు. కాస్త అవతల తవ్విన గుంట, పసుపు రాసిన రాయి, తాపీ, పంతులుగారు. చుట్టూ సంస్థ సిబ్బంది, చూసి నేర్చుకోవాలని హాజరు వేసి మరీ కూర్చోబెట్టిన జనం. ఎవరూ కిక్కురుమనడం లేదు. ఆటల పోటీకి కాక, సంతాపసభకి వచ్చినట్టుంది.

అవతలి జట్టు ఉప్పు నిల్వల సంస్థది. వాళ్లవైపు చూసి దాలినాయుడు మొహం మాడ్చుకుని వచ్చాడు.

“గురూ, ఆళ్ల దగ్గర మన పుస్తకం ఉంది.”

“ఏ పుస్తకం?”

“నువ్వు రాసిందే! మన ఎండీబాబు విజ్ఞానాన్ని పంచాలని అన్ని సంస్థలకీ పంపీసినాడంట. ఆళ్ల క్యాచరు పక్కన మడతపెట్టి ఎట్టుకున్నాడు. ముందుమాటలో నీ ఫొటో కూడా ఉంది, బాగా పడినావు.”

ఆట మొదలైంది. పైడిరాజు ఏ సైగ చేసినా అవతలివాళ్లు తన వాళ్లకన్నా ముందే కదులుతున్నారు. ఉత్తుత్తివి పెంచి చూశాడు. అదింకా ఘోరమైంది. టోపీ సర్దాడు, క్యాంటీను మనిషి కెటిలు పట్టుకుని మైదానం మధ్యకి నడిచొచ్చాడు. ఎడమ చెవి లాక్కున్నాడు, జనంలోంచి ఒక గుమాస్తా తన సెలవు మంజూరైందని మొహం చాటంత చేసుకుని ఇంటికెళ్లిపోయాడు. చెమట కారి చెంప తుడుచుకుంటే గేటు దగ్గర లారీ స్టార్టయింది. అతను కదిలితే సంస్థ కదులుతోంది. ఒక్క జట్టే ఉన్నచోట ఉంది.

అయినా కుర్రాళ్లు మొండివాళ్లు. చివరి వంతుకి రెండు జట్లూ సమానంగా నిలిచాయి. సంస్థ జట్టు బ్యాటింగు. ఇద్దరు అవుట్. మూడోవాడు అవుటైతే ఇంక లేదు. మూడో సంచి మీద సింహాచలం. బ్యాటు పట్టుకున్నది దాలినాయుడు. పలాస నుంచి రాత్రంతా బస్సులో నిలబడి వచ్చి, బంతి రెండుగా కనబడుతోందని అతనే ఒప్పుకున్నాడు. ఇక దారి ఒక్కటే. అవతలివాడు బంతి విసిరే లోపల సింహాచలం ఇల్లు చేరాలి. ముక్కు రుద్దితే అందరికీ తెలిసిపోతుంది.

పైడిరాజు చేతులు కిందికి దించేశాడు.

విసిరేవాడు బంతి చేతిలో పెట్టుకుని పైడిరాజు చేతులకేసే చూస్తున్నాడు. వాళ్ల క్యాచరు చూస్తున్నాడు. షామియానాలో అతిథులు ఒళ్లో పుస్తకాలు తెరుచుకుని చూస్తున్నారు. మైదానమంతా కలిసి ఆ రెండు చేతులనే చూస్తోంది. చేతులు మాత్రం ప్యాంటు పక్కన ఊరికే వేలాడుతున్నాయి. విసిరేవాడు అయోమయంగా కాలెత్తాడు.

“ఒరే సింవాచెలం! దూకరా! ఎల్లిపోరా నాయనా, ఎల్లిపో!”

గిడ్డంగి రేకుల మీది పావురాలన్నీ ఒక్కసారి లేచాయి. అన్ని నెలల తరవాత ఆ ఆవరణలో మనిషి గొంతు అంత బాహాటంగా వినబడటం అదే. సింహాచలానికి ఒక్క క్షణం అది దేవుడి గొంతేమో అనిపించిందని తరవాత చెప్పాడు. రెండో క్షణానికి ఉరికాడు. విసిరేవాడు ఎత్తిన కాలు దించకుండా పైడిరాజు చేతులనే చూస్తున్నాడు. క్యాచరు గబగబా పుస్తకం తిరగేస్తున్నాడు, నోరు తెరవడం ఏ పేజీలో ఉందా అని. వాళ్లకి చేతులు చూడమని నేర్పారు గానీ చెవులు పెట్టుకోమని ఎవరూ నేర్పలేదు. సింహాచలం బోర్లా జారుతూ, దుమ్ము రేపుకుంటూ ఇల్లు ముట్టుకున్నాడు. అప్పుడు జారి పడింది విసిరేవాడి చేతిలోని బంతి, ఎవరికీ చెందకుండా.

గెలిచారు. జనం అరవబోయి, గుర్తొచ్చి, ఎండీగారికేసి చూశారు.

పట్టాభిగారు అప్పటికే లేచారు. “సలహాదారువారు సార్వజనిక సమక్షమున వాచిక దుశ్చర్యకు పాల్పడినారు. సంజాయిషీ కోరవలసి ఉన్నది...”

“ఆగండి” అన్నారు జలంధరరావుగారు. నెలల తరవాత మాట్లాడటంతో గొంతు కీచుమంది. షామియానా దిగి పైడిరాజు దగ్గరికి నడిచొచ్చారు. వారి కళ్లు మెరుస్తున్నాయి. ఆ మెరుపు చూసి పైడిరాజు భయపడ్డాడు.

“ఇప్పుడు మీరు చేసిందేమిటి?”

“కేకేశాను సార్.”

“ఎంతసేపు పట్టింది?”

“ఒక్క ఊపిరి సార్.”

“ఉత్తుత్తి ఏమైనా కలిపారా?”

“లేదు సార్. ఏం చెయ్యాలో అదే చెప్పాను.”

“ఏం చెయ్యాలో అదే చెప్పారు...” ఎండీగారు ఆ మాటని చప్పరించారు. “అతనికి అర్థమైంది. వెంటనే చేశాడు. పట్టాభిగారూ, ఇది ప్రపంచంలో మరెక్కడైనా ఉందంటారా?”

“నా దృష్టికి రాలేదండీ” అన్నారు పట్టాభిగారు. పొద్దున్నించి సాయంత్రం దాకా మాట్లాడే మనిషి.

“దీనికి పరికరాలేం కావాలి?”

“నోరుంటే చాలు సార్” అన్నాడు పైడిరాజు. అని, అటు చూశాడు. గుంట పక్కన పంతులుగారు రాయికి బొట్టు పెడుతున్నారు. మేస్త్రీ తాపీ కడుక్కుంటున్నాడు. కందిపప్పు అయింది, చింతపండు మిగిలింది. “నోటితోపాటు కాస్త ఖాళీ జాగా ఉండాలి సార్.”

“ఎందుకు?”

“గోడ అడ్డమొస్తే కేక తగిలి వెనక్కొస్తుంది సార్. ఎవరు ఆజ్ఞ ఇస్తే వాళ్లకే వచ్చి తగులుతుంది. మీరు ‘వెళ్లు’ అన్నారనుకోండి, మీరే వెళ్లవలసొస్తుంది.”

దాలినాయుడు బ్యాటుకి మొహం ఆనించి భుజాలు కదలకుండా నవ్వుకున్నాడు.

జలంధరరావుగారికి నవ్వు రాలేదు. ప్రమాదం వారికి కళ్లకి కట్టింది. “పట్టాభిగారూ! సౌధం రద్దు. ఈ మైదానంలో ఇటుక పడటానికి వీల్లేదు. ఎప్పటికీ! బోర్డు రాయించండి.”

“‘వాచిక పరిపాలనా శాశ్వత బహిరంగ ప్రాంగణము’ అనవచ్చునాండీ?”

“అనండి. గట్టిగా అనండి!”

పట్టాభిగారు గట్టిగా అన్నారు. పావురాలు మళ్లీ లేచాయి. పంతులుగారు దక్షిణ సంగతేమిటని మేస్త్రీని అడిగారు.

“ఇక పైడిరాజుగారూ,” ఎండీగారు అతని భుజం మీద చెయ్యి వేశారు. “ఈరోజు నుంచి మీరు ప్రధాన వాచిక సలహాదారు. ఇంకా పెద్ద గది, ఇంకా పెద్ద కుర్చీ. కేకల గ్రంథం మీరే రాయాలి. మీ జట్టువాళ్లని కేకల శిక్షకులుగా అన్ని జిల్లాలకీ...”

“వద్దు సార్.”

అతని సర్వీసు మొత్తం మీద ఎండీ స్థాయి మనిషితో ఆ మాట అనడం అదే మొదలు. అంటే ఏమవుతుందో అని ఇన్నాళ్లూ అనుకున్నాడు. ఏమీ కాలేదు. ఆకాశం ఉన్నచోటే ఉంది.

“నాకు గదొద్దు. కుర్చీ వద్దు. నా గుంటలు ఎక్కడికీ వెళ్లరు. మొదటి శ్రేణికి ఎక్కాం. రేపణ్ణించి ప్రాక్టీసుంది సార్.”

ఎండీగారు పట్టాభిగారి వైపు తిరిగారు. “విన్నారా? ఎంత స్పష్టంగా వినిపించిందో! ఎక్కడా తడబాటు లేదు!”

‘వద్దు’ అను పదమును కార్యాలయ వేళలందు వినియోగించదలచిన ఉద్యోగులు తగు కారణములు చూపుచూ ముందస్తు అనుమతి పొందవలెనని సోమవారం సర్క్యులరు దిగింది. పైడిరాజుకి ఒక ప్రతి మైదానానికే పంపించారు. అతను సున్నంతో గీతలు వేయిస్తున్నాడు. మొదటి శ్రేణి నియమాల ప్రకారం గీత మరికాస్త వెడల్పుండాలట. కాగితం తెచ్చిన అటెండరు, సంతకం పెట్టి తీసుకోండి అన్నాడు.

“వద్దు” అన్నాడు పైడిరాజు, సున్నం బకెట్టు ఇంకో చేతికి మార్చుకుంటూ.